ఐదు గంటల దూరం

"విమానంలో ఎన్ని గంటలు?"

కొడుకు కువైట్‌లోనో, సౌదీలోనో ఉన్న ఏ ఇంటికి వెళ్ళినా చుట్టాలు మొదట అడిగే మాట ఇది. మా ఇంట్లోనూ ఎన్నోసార్లు అడిగారు. మేము కూడా ఎన్నోసార్లు తడుముకోకుండా "ఐదు గంటలు" అని జవాబు చెప్పాము. అందులో అబద్ధమేమీ లేదు. చెన్నై విమానాశ్రయం నుంచి కువైట్ విమానాశ్రయానికి ఆకాశమార్గాన సూటిగా కొలిస్తే సుమారు 3,780 కిలోమీటర్లు. పెద్ద విమానం గంటకు దాదాపు 850 కిలోమీటర్ల వేగంతో పోతుంది. పైకి లేవడానికి, కిందికి దిగడానికి పట్టే సమయం కూడా కలుపుకుంటే ఐదు గంటల ప్రయాణం. లెక్క సరిగ్గానే ఉంది. అయినా ఆ లెక్కను నమ్ముకున్న మా కుటుంబం ఒక రాత్రి ఎంత తడబడిందో, ఆ తడబాటు మాకు ఏమి నేర్పిందో ఈ పత్రిక చదివే అక్కచెల్లెళ్ళతో, అన్నదమ్ములతో పంచుకోవాలని ఇది రాస్తున్నాము.

మేమిద్దరం అక్కచెల్లెళ్ళం. మా తర్వాత ఒక్కడే తమ్ముడు. మాలో పెద్దామె ఆత్మకూరులో మెట్టినింట ఉంది. చిన్నామె ఉదయగిరిలో, పుట్టింటికి రెండు వీధుల అవతల కాపురముంటోంది. మా అబ్బా చెక్క పనివాడు. ఉదయగిరి కొండ కర్రతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కడం మన ఊరి ముస్లిం కుటుంబాలలో తరతరాలుగా వస్తున్న విద్య. దానికి ఈనాడు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అబ్బా ఉలి పట్టుకుంటే అమ్మీ పక్కన కూర్చుని నునుపు చేసేది. అంత పని చేసినా ముగ్గురు పిల్లల చదువులు, ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఆ చెంచాలతో తీరేవి కావు. అందుకే తమ్ముడు ఇరవై రెండేళ్ళకే ఖాదిం వీసా మీద కువైట్ వెళ్ళి ఒక ఇంట్లో డ్రైవరుగా కుదురుకున్నాడు. మా పెళ్ళిళ్ళ అప్పులు తీర్చినది అతడే. ఆ మాట ముందుగానే చెప్పకపోతే తర్వాత చెప్పబోయేది సరిగా అర్థం కాదు.

2019 జనవరిలో ఒక బుధవారం రాత్రి పదకొండు గంటలకు అబ్బా అల్లాహ్ పిలుపును అందుకున్నారు. రెండు రోజులుగా ఆయాసం ఉంది. ఇషా నమాజు మంచం మీదే చేసుకుని పడుకున్నారు. అంతే. ఇన్నా లిల్లాహ్ చదివాము. మొదటి ఫోను ఆత్మకూరుకు, రెండవది కువైట్‌కు వెళ్ళింది.

ఆత్మకూరు నుంచి ఉదయగిరికి సుమారు 50 కిలోమీటర్లు. అర్ధరాత్రి కారు దొరకబుచ్చుకుని మాలో పెద్దామె చేరేసరికి ఒంటిగంట దాటింది. అప్పటికే ఇంటి ముందు బంధువులు కూడారు. మా చచ్చా తేల్చి చెప్పేశారు: "ఒక్కగానొక్క కొడుకు. వాడు వచ్చి మట్టి వేయనిదే జనాజా లేపేది లేదు. ఎంతసేపమ్మా? విమానంలో ఐదు గంటలే కదా! నెల్లూరు నుంచి ఫ్రీజరు పెట్టె తెప్పిస్తాను."

అక్కడున్నవారందరికీ ఆ మాట సబబుగానే తోచింది. నిజం చెప్పాలంటే మాకూ అలాగే అనిపించింది. ఐదు గంటలే కదా!

అమ్మీ మాత్రం ఏమీ అనలేదు. అబ్బా తలాపున కూర్చుని తస్బీహ్ తిప్పుతూ ఉండిపోయింది.

మాలో ఒకరు పిల్లల నోటుబుక్కు తీశారు. రెండవవారు తమ్ముడితో ఫోనులో మాట్లాడుతూ ఒక్కొక్కటే చెబుతుంటే రాసుకున్నాము. మనకూ కువైట్‌కూ రెండున్నర గంటల తేడా. ఇక్కడ రాత్రి పదకొండు అయినప్పుడు అక్కడ ఎనిమిదిన్నర. చెన్నైకి నేరుగా వచ్చే విమానం ఆ రాత్రి పదింటికి ఉంది. అంటే గంటన్నర వ్యవధి. మూడు గంటల ముందే విమానాశ్రయంలో ఉండాలి. పైగా పాస్‌పోర్టు అతడి దగ్గర లేదు, కఫీల్ ఇంట్లో ఉంది. కఫీల్ కుటుంబంతో సహా ఎడారిలో గుడారాలు వేసుకుని ఉన్నాడు. చలికాలంలో అలా వెళ్ళి ఉండటం అక్కడివారికి అలవాటు. ఆయన చెడ్డవాడు కాదు. కబురు అందగానే కంటతడి పెట్టుకున్నాడని, టికెట్టు ఖర్చు కూడా తానే భరించాడని తమ్ముడు తర్వాత చెప్పాడు. కానీ ఆ కబురు అందడానికే తెల్లవారింది. ఆయన పట్నానికి వచ్చి, బీరువా తీసి, పాస్‌పోర్టు చేతిలో పెట్టేసరికి మరునాటి మధ్యాహ్నమవుతుందని ఆ రాత్రే తేలిపోయింది.

ఇక మిగిలింది గురువారం రాత్రి విమానం. కువైట్‌లో పదింటికి బయలుదేరితే మన గడియారంలో అది అర్ధరాత్రి పన్నెండున్నర. చెన్నైలో దిగేది శుక్రవారం తెల్లవారుజామున ఐదున్నరకు. ఇమిగ్రేషను వరుస, సామాను, బయటికి వచ్చి కారు ఎక్కడం, ఇదంతా ఒక గంటన్నర. అక్కడి నుంచి తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట మీదుగా నెల్లూరు. నెల్లూరు నుంచి బుచ్చిరెడ్డిపాలెం, సంగం, ఆత్మకూరు దాటి ఉదయగిరి. మొత్తం సుమారు 290 కిలోమీటర్లు. ఎంత తొందరపడినా ఆరు గంటలు. అంటే తమ్ముడు ఇంటి గడప తొక్కేది శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు.

కాగితం మీద అంకెలు కలిపాము. బుధవారం రాత్రి పదకొండు నుంచి శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట వరకు ముప్పై ఎనిమిది గంటలు. అందులో విమానం గాలిలో ఉండేది ఐదు గంటలు. మిగిలిన ముప్పై మూడు గంటలు ఎవరి లెక్కలోనూ లేవు. అన్నేళ్ళుగా "ఐదు గంటలు" అని చెబుతూ వచ్చిన మేమే ఆ ముప్పై మూడు గంటలను ఎన్నడూ లెక్కించలేదు.

ఫజ్ర్ నమాజు తర్వాత మస్జిద్ ఇమాం గారు ఇంటికి వచ్చారు. చచ్చా తన మాట చెప్పారు. ఇమాం గారు వాదించలేదు. జనాజా విషయంలో ఆలస్యం చేయవద్దని దైవప్రవక్త (స) ఉపదేశించారని, మృతుడు సజ్జనుడైతే అతడిని త్వరగా మేలు వైపుకు చేర్చినట్టవుతుందని ఆ ఉపదేశంలోని భావమని నెమ్మదిగా చెప్పారు. అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉందన్నారు. "ఖబర్ తవ్వడానికి, దగ్గరి వారు చేరుకోవడానికి పట్టే సమయం వేరు. ముప్పై ఎనిమిది గంటలు ఐసు పెట్టెలో ఉంచడం వేరు. నిర్ణయం కుటుంబానిది. అబ్బాయిని కూడా ఒక మాట అడగండి" అని వెళ్ళిపోయారు.

ఆ ఫోను చేసే ధైర్యం మా ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది. మా పెళ్ళిళ్ళ కోసం ఊరు వదిలి వెళ్ళినవాడు. అబ్బా చేయి పట్టుకుని ఉలి పట్టడం నేర్చుకున్నవాడు. నువ్వు రాకుండానే తీసుకుపోతామని అతడికి ఏ నోటితో చెప్పాలి? చివరికి ఇద్దరం కలిసి, ఫోను మధ్యలో పెట్టుకుని మాట్లాడాము. లెక్కంతా చదివి వినిపించాము. అవతల చాలాసేపు మౌనం. ఆ తర్వాత అతడు అన్నది ఇదే:

"ఆపా, నా కోసం ఆపొద్దు. అబ్బాను ఆ పెట్టెలో పెట్టొద్దు. ఆయనకు చలి పడదు."

ఆ మాట విన్న తర్వాత చచ్చా కూడా ఇంకేమీ అనలేకపోయారు. తలగుడ్డతో ముఖం కప్పుకుని బయటికి వెళ్ళి ఖబర్ తవ్వేవారిని తానే పిలుచుకొచ్చారు.

మా ఊరి నేల రాతినేల. ఖబర్ తవ్వడానికి ఉదయమంతా పట్టింది. గుసుల్ అయింది, కఫన్ తొడిగారు. జుహ్ర్ తర్వాత జనాజా నమాజు జరిగింది. మేము గుమ్మం దగ్గర నిలబడి, మగవారి భుజాల మీద అబ్బా కొండ వైపుకు వెళ్ళిపోవడం చూశాము. మధ్యాహ్నం రెండున్నరకు మట్టి వేయడం పూర్తయిందని కబురు వచ్చింది. అప్పుడు కువైట్‌లో సరిగ్గా పన్నెండు గంటలు. అక్కడ జుహ్ర్ వేళ. పాస్‌పోర్టు కోసం ఎదురుచూస్తూ తమ్ముడు వీధి చివరి మస్జిద్‌లో నమాజుకు నిలబడి ఉన్నాడు. ఆ సంగతి మాకు ఆ తర్వాత తెలిసింది.

శుక్రవారం జుమా వేళకు అతడు వచ్చాడు. ఇంట్లోకి రాకుండా నేరుగా ఖబరస్తాన్‌కు వెళ్ళాడు. జనాజా నమాజు అందనివారి విషయంలో, దూరదేశంలో ఉన్నవారి విషయంలో ధర్మవేత్తల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. అబిసీనియా రాజు నజాషీ మరణించినప్పుడు దైవప్రవక్త (స) మదీనాలో ఆయనకు జనాజా నమాజు చేయించారు. దాని ఆధారంగా షాఫయీ, హంబలీ విద్వాంసులు పరోక్ష జనాజాను అనుమతించారు. హనఫీ, మాలికీ విద్వాంసులు అది ఆ సందర్భానికే ప్రత్యేకమని భావించారు. మా ఇమాం గారు తమ్ముడికి ఈ విషయమంతా చెప్పి, "నీ చేతిలో ఉన్నది దుఆ. దానికి అభ్యంతరం చెప్పినవారు ఎవరూ లేరు" అన్నారు. అసర్ వరకు అతడు అక్కడే ఉండిపోయాడు.

తమ్ముడు ఉన్న ఇరవై రోజులూ మాతో మామూలుగానే మాట్లాడాడు. ఆ విషయం మాత్రం ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు. అతడు తిరిగి వెళ్ళిన తర్వాత మమ్మల్ని ఒక బాధ పట్టుకుంది. తప్పు చేశామా? అతడు వద్దన్నాడు నిజమే. కానీ అలా అనక తప్పని స్థితిలో అతడిని మేమే నిలబెట్టలేదా? ధర్మం చెప్పినట్టు చేశామన్న తృప్తి ఒకవైపు, తోబుట్టువు కడుపులో కత్తి దించామన్న దిగులు మరొకవైపు. రెండూ నిజమే. ఒకటి ఇంకొకదానిని తుడిచేయలేదు.

ఈ దిగులుతోనే ఒకరోజు అమ్మీ దగ్గర కూర్చున్నప్పుడు ఆమె మా నానా హజ్ యాత్ర సంగతి చెప్పింది. ఆ రోజులలో మన ప్రాంతం వారు గూడూరు వెళ్ళి రైలెక్కి బొంబాయి చేరేవారు. అక్కడ ఓడ కోసం రోజుల తరబడి ముసాఫిర్ ఖానాలో ఉండేవారు. ఓడ జిద్దా చేరడానికి వారం పది రోజులు పట్టేది. ఆ ఓడలు 1995తో ఆగిపోయాయి. ఇప్పుడు హైదరాబాదు నుంచి జిద్దాకు 4,130 కిలోమీటర్ల దూరాన్ని విమానం ఆరు గంటలలోపే దాటుతోంది. నానా హజ్‌లో ఉండగా ఇక్కడ ఆయన అక్క చనిపోయింది. ఆయనకు తెలిసింది మూడు నెలల తర్వాత, ఉదయగిరి బస్టాండులో దిగినప్పుడు.

"ఆయన కోసం ఆపుదామని ఎవరైనా అన్నారా అమ్మీ?" అని అడిగాము.

"ఎవరంటారమ్మా? అంత దూరంలో ఉన్నవారు రాలేరని అందరికీ తెలుసు" అంది అమ్మీ.

ఆ మాట మా మనసులో చాలాకాలం తిరిగింది. దూరం నిజంగా దూరంగా ఉన్న రోజులలో ఎవరూ ఎదురుచూడలేదు. ఎదురుచూడలేదు కనుక ఎవరినీ తప్పుపట్టలేదు. విమానం వచ్చి దూరాన్ని తగ్గించింది. దానితోపాటు ఆశను కూడా తెచ్చింది. ఐదు గంటలే కదా అన్న ఆశ పుట్టినచోటే ఎదురుచూపు పుట్టింది. ఎదురుచూపు ఫలించనిచోట నింద పుట్టింది. విమానాన్ని మేము తప్పుపట్టడం లేదు. అది చేయగలిగినది అది చేస్తోంది. అది చేయలేనిదాన్ని కూడా దాని ఖాతాలో రాసుకున్నది మనమే.

ఆ ఐదు గంటలైనా ఎల్లప్పుడూ ఐదు గంటలుగా ఉంటాయన్న హామీ లేదు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడి విమానాశ్రయం మూతపడింది. మనవాళ్ళు బస్సులలో ఇరాక్ దాటి, ఎడారి మార్గాన జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరి, అక్కడి నుంచి ఎయిరిండియా విమానాలలో బొంబాయికి వచ్చారు. 488 విమాన సర్వీసులలో సుమారు 1,70,000 మందిని తరలించడానికి రెండు నెలలు పట్టింది. మళ్ళీ 2020 మార్చిలో కరోనా కారణంగా మన దేశానికి అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. మామూలు సర్వీసులు పూర్తిగా తిరిగి మొదలైంది 2022 మార్చి 27న. మధ్యలో ప్రత్యేక విమానాలు నడిచినా అందరికీ చోటు దొరకలేదు. మా వీధిలోనే ఒక తల్లి చివరి చూపుకు ఇద్దరు కొడుకులలో ఒక్కరూ రాలేకపోయారు. కిలోమీటర్లు ఒక్కటీ పెరగలేదు. దారి మాత్రం లేకుండా పోయింది.

ఆ రోజులలోనే ఒక రాత్రి తమ్ముడు ఫోను చేసి, ఏడాదిన్నరగా ఎత్తని మాటను తానే ఎత్తాడు. "ఆపా, ఆ రోజు విమానంలో నా ముందున్న తెరమీద మ్యాపు ఉంది. ఇంకా ఇన్ని కిలోమీటర్లు అని అంకె తగ్గుతూ వస్తోంది. మూడు వేలు, రెండు వేలు, వెయ్యి. అందరూ దగ్గరైపోయాం అంటున్నారు. నేను ఎవరి దగ్గరికి వస్తున్నానో నాకే తెలియలేదు. మీ మీద కోపం వచ్చింది. దిగిన తర్వాత అబ్బా ఖబర్ దగ్గర కూర్చుంటే కోపం పోయింది. మీకు చెప్పాలనుకున్నాను, నోరు రాలేదు. ఇప్పుడు రాలేనివాళ్ళను చూస్తుంటే ముప్పై ఎనిమిది గంటలకైనా వచ్చానే అనిపిస్తోంది. అల్‌హందులిల్లాహ్."

మేము ఏడ్చాము. అతడూ ఏడ్చాడు. అబ్బా పోయిన రోజున ముగ్గురం కలిసి ఏడవలేకపోయిన ఏడుపు అది.

మన ధర్మంలో దూరాన్ని లెక్కించే తీరు గురించి ఆ తర్వాత ఇమాం గారు చెప్పిన ఒక విషయం ఇక్కడ ప్రస్తావించాలి. ప్రయాణికుడు నమాజును కుదించుకోవడానికి ఎంత దూరం వెళ్ళాలి అన్నదానికి హనఫీ విద్వాంసులు చెప్పిన అసలు కొలత మూడు రోజుల నడక. మైళ్ళు, కిలోమీటర్లు ఆ తర్వాత కట్టిన లెక్క. ఇప్పుడు సాధారణంగా 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్లు అంటారు. ఆ లెక్కన ఆత్మకూరు నుంచి ఉదయగిరికి వచ్చినవారు ప్రయాణికులు కారు. నెల్లూరు నుంచి వచ్చినవారు అవుతారు. మాకు నచ్చినది ఆ అసలు కొలత. పెద్దలు దూరాన్ని మనిషి అడుగులతో, అతడి అలసటతో, గడిచిన రోజులతో కొలిచారు. మనమేమో యంత్రం వేగంతో కొలుస్తున్నాము. పాస్‌పోర్టు బీరువాలో ఉన్న గంటలు, వరుసలో నిలబడ్డ గంటలు, అర్ధరాత్రి కారు కోసం వెతికిన గంటలు యంత్రం కొలతలోకి రావు.

2021 చివరలో, ప్రత్యేక విమానంలో తమ్ముడు సెలవుకు వచ్చినప్పుడు అమ్మీ మా ముగ్గురినీ కూర్చోబెట్టింది. చేతిలో సగం చెక్కిన గరిటె ఉంది. దానిని పక్కన పెట్టి ఇలా అంది:

"నా విషయంలో ఎవరూ నోటుబుక్కు తీయకూడదు. నేను పోయిన రోజున ఎవరు ఉంటే వారు, దగ్గరి నమాజుకు నన్ను సాగనంపండి. కొడుకు రాలేదని ఎవరూ వాడిని ఒక్క మాట అనకూడదు. వాడు రాలేదని కూతుళ్ళను అనకూడదు. ఇది నా వసీయత్. దానికి బదులుగా నాకొకటి కావాలి. నేను పోయాక ముప్పై ఎనిమిది గంటలు పడి రావడం కాదు. బతికుండగా ఏడాదికి ఒక నెల వచ్చి నా పక్కన కూర్చోవాలి."

అప్పటి నుంచి తమ్ముడు ప్రతి ఏడాదీ వస్తున్నాడు. టికెట్టు డబ్బుల కోసం మేమిద్దరం కూడా నెలనెలా కొంత కూడబెడుతున్నాము. ఒకప్పుడు మా కోసం అతడు వెళ్ళాడు. ఇప్పుడు అమ్మీ కోసం అతడు రావడంలో మాకూ పాలు ఉండాలనుకున్నాము. పాస్‌పోర్టు ఇప్పుడు అతడి దగ్గరే ఉంటుంది. కఫీల్‌తో కూర్చుని మాట్లాడుకుని తెచ్చుకున్నాడు.

విదేశాలలో బిడ్డలున్న కుటుంబాలకు మేము చెప్పదలచినది ఇంతే. విమానం గంటలు కాక మొత్తం గంటలు ఒకసారి లెక్క వేసుకోండి. మన ఇంటి గడప నుంచి వారి గది తలుపు వరకు వేసుకోండి. వేళ వచ్చినప్పుడు కాక, అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే వేసుకోండి. పెద్దలు తమ కోరికను తమ నోటితో చెబితే, ఆ భారం బిడ్డల నెత్తిన పడదు. మా అబ్బాను మేము ఎన్నడూ అడగలేదు. అడిగి ఉంటే తమ్ముడికి ఆ ఫోను చేయవలసిన అవసరం ఉండేది కాదు.

మనిషి మరణంతో అతడి కర్మలు ఆగిపోయినా మూడింటి ఫలం ఆగదని, వాటిలో తల్లిదండ్రుల కోసం దుఆ చేసే సంతానం ఒకటని దైవప్రవక్త (స) తెలిపారు. ఆ దుఆకు పాస్‌పోర్టు అక్కరలేదు. ఉదయగిరి కొండ కింద చేసినా, కువైట్‌లో వీధి చివరి మస్జిద్‌లో చేసినా అది చేరవలసిన చోటుకు చేరుతుంది.

ఈ మాటలు రాస్తున్న సమయానికి అమ్మీ వసారాలో కూర్చుని గరిటె నునుపు చేస్తోంది. వచ్చే నెల తమ్ముడు వస్తున్నాడు. పక్కింటివారు మళ్ళీ అదే అడిగారు: "విమానంలో ఎన్ని గంటలు?"

"ఇంటికి చేరడానికి పద్దెనిమిది గంటలు" అన్నాము.